సందర్భం నిల్వ లేదు

నమోదు 212
పోటు. గాలి తూర్పు నుంచి. మైదానం ఉత్తరం వైపు జానెడు వాలి ఉంది.

ఉదయం మైదానం కింది తెప్పల్లో చేరిన నీళ్ళు తోడించాను. మూడో తెప్ప మళ్ళీ కారుతోంది. దక్షిణం గోలు వలలో చిక్కుకున్న పీతల్ని విడిపించి కోచ్ గారింటికి పంపాను. పీత మా క్లబ్బు చిహ్నం. అయినా కోచ్ గారి భార్య చిలకమ్మ గారు ఆటగాళ్ళందరికీ వండి పెట్టే మనిషి. ఆవిడ దగ్గర చిహ్నాలకి మినహాయింపు లేదు.

కొత్తరేవు స్టేడియం సముద్రం మీద తేలుతుంది కాబట్టి ప్రభుత్వం దాన్ని ఓడ కింద లెక్కగట్టింది. ఓడ అన్నాక దినచర్య పుస్తకం ఉండాలి, అది రాసే అధికారి ఉండాలి. క్లబ్బులో పనిలేని మనిషి ఎవరా అని వెతికి, రెండో గోల్‌కీపర్‌నైన నన్ను, పినిశెట్టి నూకరత్నాన్ని, ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆరు సీజన్లుగా రాస్తున్నాను. ఈ ఆరు సీజన్లలో గోలు ముందు నిలబడింది ఒక్కసారే. అదీ క్యాలెండర్ ఫొటో కోసం.

ఈరోజు ఆటలో ఒక విశేషం. రెండో సగంలో స్కోరుబోర్డు మీద ఒకటి-ఒకటి అని ఉండాల్సిన చోట, నిలువెత్తు అక్షరాలతో ఇలా వచ్చింది:

“తమ్ముడూ, ఈ సీజన్ అయ్యాక ఆట మానేస్తాను. కోళ్ళ ఫారం పెట్టుకుంటా. వీళ్ళ గొడవ పడలేను.”

కింద నంబరు 1 అని ఉంది. అంటే మా మొదటి గోల్‌కీపర్ ఆశీర్వాదం అన్నయ్య. తన ఫోన్లోంచి తమ్ముడికి పంపుకున్న మాట. అన్నయ్య వెనక్కి తిరిగి బోర్డు చదువుకుంటుండగా బంతి ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఓడిపోయాం.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. “ఉప్పుగాలికి తీగలు కలిసిపోయాయండి. మీ ఫోన్లు పంపే మాటలన్నీ ఈ స్తంభంలోంచే పోతాయి కదా, పోయినవన్నీ ఇందులోనే ఉండిపోయాయి. ఇప్పుడు వరసగా కక్కుతోంది” అన్నాడు.

“ఆపెయ్” అన్నారు కోచ్ గారు.

“ఆపడానికి లేదండి. మన స్కోరుబోర్డే కదా ఈ రేవుకి దీపస్తంభం. ఆపితే నన్ను జైల్లో ఎడతారు.”

ఆపకుండా బాగుచేసే విద్య ఎవరికైనా వచ్చా అని అడిగాం. ఎవరికీ రాదట.

నమోదు 213
ఆటు. ఎండ. గడ్డి మీద ఉప్పు కడిగించాను.

క్లబ్బు ఛైర్మన్ వీరభద్రం గారు చేతికర్ర పోటేసుకుంటూ వచ్చారు. కిందటి నెల తన సన్మాన వేదిక మీంచి తానే పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆటగాళ్ళందరినీ మధ్య వృత్తంలో కూర్చోబెట్టి మాట్లాడారు.

“జవాబుదారీతనం!” అన్నారు. అలల మీద ఆ మాట కాసేపు తేలింది. “కొత్తరేవు పీతలు నీతికి నిలబడ్డ క్లబ్బు. ఎవరి మాట బయటపడ్డా శిక్ష తప్పదు. పెద్దా లేదు, చిన్నా లేదు.”

సందేశాల విచారణ సంఘం అని ఒకటి వేశారు. అధ్యక్షులు ఆయనే. సభ్యుడు ఆయన బావమరిది. ఇంకో కుర్చీ ఖాళీ. ఓటింగ్ జరిగినప్పుడల్లా ఖాళీ కుర్చీ ఛైర్మన్ గారితో ఏకీభవించినట్టు రాసుకుంటారు.

దోషి పెనాల్టీ గుర్తు మీద నిలబడాలి. మైకులో జనాన్ని క్షమాపణ కోరాలి. ఆపైన పడవెక్కి ఒడ్డుకి పోవాలి. ఆశీర్వాదం అన్నయ్య మీద ‘క్లబ్బు పట్ల విశ్వాసం లేకపోవడం’ అనే నేరం మోపి, సీజన్ అయ్యేదాకా పక్కన పెట్టారు.

అన్నయ్య గుర్తు మీద నిలబడి, “కోళ్ళంటే ఇష్టపడినందుకు క్షమించండి” అన్నాడు. ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. పడవ దిగేటప్పుడు గ్లవ్స్ విప్పి నా చేతిలో పెట్టాడు. “ఎడమదానికి బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది రత్నం, కాస్త చూసుకో” అన్నాడు.

కుట్టాను. రాత్రంతా ఒళ్ళో పెట్టుకునే పడుకున్నాను. ఎందుకో రాయను.

నమోదు 216
పోటు. గాలి ఎక్కువ. మైదానం ఉత్తరానికి వాలింది, మనం కిందివైపు.

ఈరోజు నేను గోలు ముందు నిలబడ్డాను.

నా వెనక నిజమైన వల. ముందు మైదానం పొడవునా పచ్చగడ్డి, దాని చివర ఇంకో గోలు, దాని వెనక నీలం. వాలు మీద బంతి తనంతట తానే దొర్లుకుంటూ నా వైపు వస్తుంటే, ఎవరో నాకోసమే పంపుతున్నట్టనిపించింది. రెండు వదిలేశాను. ఒకటి మాత్రం, కుడి మూలకి పోతున్నదాన్ని, గాల్లోకి లేచి వేళ్ళ చివర్లతో బయటికి తోశాను. స్టాండ్లో ఎవరో “ఆయ్! అదీ!” అని అరిచారు. ఆ అరుపు ఇంకా చెవిలో ఉంది.

రెండు-రెండు. మన రెండూ తేజోమూర్తి కొట్టినవే. ఊళ్ళో సగం మంది పిల్లలకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన జుట్టుకి గొడుగు పట్టడానికి వేరే ఉద్యోగి ఉన్నాడు.

సాయంత్రం బోర్డు మీద నంబరు 2 వంతు. అంటే డిఫెండర్ దేముడు. ఛైర్మన్ గారి కాలు విరిగిందన్న కబురుకి జవాబుగా, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే పచ్చముఖం బొమ్మ పంపాడు. ఒక్క బొమ్మ. స్కోరుబోర్డు నిండా ఆ మొహమే ఇకిలిస్తుంటే, ఓడలు దాన్ని చూసి దారి పట్టుకుపోయాయి.

దేముడు అవుట్.

నమోదు 218
పోటు తగ్గుముఖం. మూడో తెప్పకి కారకుండా తారు పూయించాను.

బోర్డు చదవడానికి జనం సాయంత్రాలు పడవల్లో వస్తున్నారు. మ్యాచ్‌లకి కూడా ఇంతమంది ఎప్పుడూ రాలేదు. మిక్చరు బండి పడవ మీదికెక్కింది. పొద్దుగూకితే చాలు, “ఇయ్యాల ఎవరిదంట?” అనుకుంటూ చేరతారు. ఒకరి మీద ఒకరికి జాలి కూడా లేకపోలేదు. చదివి, అయ్యో అని, ఇంకో పొట్లం కొనుక్కుంటారు.

నంబరు 3 బంగార్రాజు. ఎడమ బ్యాక్. నాతోపాటే క్లబ్బులో చేరిన వాడు. వాళ్ళావిడకి పంపుకున్నది వచ్చింది: “కోచ్ గారింట్లో చారు తాగితే కడుపు ఉబ్బిపోతంది. ఇంటికొచ్చాక మజ్జిగ ఉంచు.”

ఆరు మ్యాచ్‌ల నిషేధం. నేరం: ‘శిక్షకుని కుటుంబ గౌరవానికి భంగం’.

బంగార్రాజు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. “రత్నం, మజ్జిగ అడిగినందుకా ఇది?” అన్నాడు. వాడికి వేరే పని రాదు. రేపటి నుంచి రేవులో మంచు గడ్డలు మోస్తాడట.

నా నంబరు పన్నెండు. ఆ సంగతి బాగా గుర్తుంది.

నమోదు 223
ఆటు. గాలి లేదు. ఈశాన్యం మూల లేదు.

నాలుగు నుంచి ఎనిమిది దాకా అయిపోయాయి. ఒకరు మైదానాన్ని ‘వాలిన మంచం’ అన్నందుకు, ఒకరు వీరభద్రం గారి పుట్టినరోజుకి శుభాకాంక్షలు ఆలస్యంగా పంపినందుకు వెళ్ళారు. రెండు మ్యాచ్‌లు ఓడిపోయాం. ఇక మిగిలింది నాగుల్లంకతో ఆఖరి మ్యాచ్. అందులో ఓడిన వాళ్ళ మైదానాన్ని గెలిచిన వాళ్ళు టగ్ పడవలతో లాక్కుపోతారు. లీగ్ నిబంధన అది. మైదానం పోతే స్కోరుబోర్డు, దీపం, సాయంత్రాలు, అన్నీ పోతాయి.

నిన్న తొమ్మిదో నంబరు వంతు. తేజోమూర్తి. పొద్దుగూకక ముందే ఛైర్మన్ గారు పెద్ద తెరచాప తెప్పించి బోర్డుకి అడ్డంగా కట్టించారు.

“ఇన్నాళ్ళూ కట్టలేదేటండి?” అని అడిగాడు ఏడో నంబరు కొండబాబు. అతను దోషే అయినా, తాడు పట్టుకోవడానికి మనుషులు చాలక పిలిపించారు.

“ఇన్నాళ్ళూ గుడ్డ దొరకలేదు” అన్నారు ఛైర్మన్ గారు.

దీపం కనపడకపోయేసరికి ఉప్పు ఓడ ఒకటి దారి తప్పి నేరుగా మా ఈశాన్యం మూలకొచ్చి గుద్దుకుంది. కార్నర్ జెండాతో సహా ఆ మూల సముద్రంలో కలిసిపోయింది. ఓడ స్తంభం తగిలి బోర్డు మీది తెరచాప నిలువునా చిరిగింది. పడవల్లో ఉన్న ఊరంతా తలెత్తి చదివింది. తన ఏజెంటుకి తేజోమూర్తి పంపిన మాటలు:

“ఈ కొత్తరేవు జనం పీతల కంటే హీనం. కాలెత్తితే గంతేస్తారు, దించితే ఏడుస్తారు. పెదవలస మ్యాచ్‌లో మడమ నొప్పి అన్నది ఉత్తదే. వాన పడుతోంది, జుట్టు పాడవుతుందని దిగలేదు.”

పెదవలస మ్యాచ్ ఓడిపోయినందుకే మేం మైదానాన్ని పణంగా పెట్టి ఈ ఆఖరి మ్యాచ్ ఆడాల్సి వచ్చింది.

పడవల్లో మిక్చరు నమలడం ఆగిపోయింది. ఉప్పు ఓడ కెప్టెన్ మాత్రం పైనుంచి, “ఎవరండీ ఈయన?” అని అడిగాడు.

విచారణలో తేలినది: తాడు గట్టిగా పట్టుకోనందుకు కొండబాబుకి అదనంగా నాలుగు మ్యాచ్‌లు. ఈశాన్యం వైపు కార్నర్ కిక్కులు ఇకమీదట పడవలోంచి కొట్టాలి. తేజోమూర్తి విషయం నిపుణులకి అప్పగించారు.

నమోదు 224
పోటు. మబ్బు.

సందర్భ నిపుణుడు వచ్చాడు. పేరు డాక్టర్ నిగమానంద. పెద్ద క్లబ్బులన్నింటికీ ఈయనే సందర్భం సరఫరా చేస్తాడట. చేతిలో చిన్న పెట్టె, మెడలో మూడు పేటల హారం. మైదానం మధ్య నిలబడి వివరించాడు.

“ఏ మాటా తప్పు కాదు. సందర్భం తెలియకపోవడమే తప్పు. ‘పీతల కంటే హీనం’ అన్నారు. పీత ఎవరు? క్లబ్బు చిహ్నం. అంటే క్లబ్బు కంటే ప్రజలు వినయవంతులని భావం. అది పొగడ్త. ఇక జుట్టు. జుట్టు క్రీడాకారుడి శరీరంలో భాగం. జుట్టుకి దెబ్బ తగిలితే అది గాయమే.”

ఖాళీ కుర్చీ కూడా ఒప్పుకుంది. తేజోమూర్తి నిర్దోషి.

నేను చెయ్యెత్తాను. “మరి బంగార్రాజు చారుకి కూడా సందర్భం చూడొచ్చు కదండీ? అతను మజ్జిగ గురించి రాసుకున్నాడు” అన్నాను.

నిగమానంద పెట్టెలోకి తొంగి చూసి, “సందర్భం అందరికీ సరిపడా ఉండదమ్మా. సీజన్‌కి రెండే తెస్తాం” అన్నాడు.

“రెండోది?”

“అవసరార్థం.”

తేజోమూర్తి నా పక్కనుంచి వెళ్తూ, “నువ్వు ఆడుతున్నావుగా, ఇంకేం కావాలి?” అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగా అడిగాడు. ఆ ప్రశ్నే నన్ను గుచ్చింది.

నమోదు 226
పోటు. గాలి దక్షిణం. ఈరోజు చెయ్యాల్సిన పనులేవీ చెయ్యలేదు.

పది, పదకొండు కూడా పోయాయి. ఏడుగురం మిగిలాం. ఏడుగురికి ఒక్కరు తగ్గినా మ్యాచ్ ఆడకుండానే పోయినట్టు.

నా వంతు వచ్చింది. నేను స్టాండ్‌లో ఆఖరి మెట్టు మీద కూర్చుని చూశాను. ఎక్కడికి పోతాను?

“అక్కా, నూకాలమ్మ తల్లికి కోడిని మొక్కుకున్నాను. ఆశీర్వాదం అన్నయ్య వేలు విరగాలని. చిటికెన వేలు చాలు, పెద్దది వద్దు. ఆయన మంచోడు. నాకు ఒక్క మ్యాచ్ చాలు.”

కింద పన్నెండు. పన్నెండు ఎంత పెద్దగా వేశారో.

పడవల్లోంచి ఎవరో నవ్వారు. ఇంకెవరో “ఛీ” అన్నారు. నాకు నవ్వు కంటే ఛీ నయమనిపించింది. లేచి, గ్లవ్స్ తీసుకుని, ఛైర్మన్ గారి గదికి వెళ్ళాను. పడవ ఎప్పుడెక్కాలో చెప్పండి అన్నాను.

వీరభద్రం గారు కంగారుగా లేచారు. “ఎక్కడికమ్మా? కూర్చో, కూర్చో. ఆరుగురితో మ్యాచ్ ఎలా ఆడతాం? నిగమానంద గారూ, తియ్యండి.”

నిగమానంద పెట్టె తెరిచాడు. అప్పటికే కాగితం రాసి ఉంది. ‘చిటికెన వేలు’ అంటే క్లబ్బులోని చిన్న చిన్న సమస్యలట. అవి ‘విరగాలి’ అంటే తొలగిపోవాలని భావమట. కోడి సమర్పించడం ఆశీర్వాదం గారి కోళ్ళ ఫారానికి నేను ముందుగానే పలికిన శుభాకాంక్షట.

“రేపు పెనాల్టీ గుర్తు మీద ఇది చదివెయ్యి. నువ్వు నిర్దోషివి” అన్నారు ఛైర్మన్ గారు.

కాగితం తీసుకున్నాను. తీసుకున్న మాట నిజం. మడిచి గ్లవ్‌లో పెట్టుకున్నాను కూడా. రేపు గోలు ముందు నేనే నిలబడతానన్న ఆలోచన రాగానే ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికదనం చూస్తే నాకే భయమేసింది.

నమోదు 227
తెల్లవారుజాము. ఆటు. మ్యాచ్ మధ్యాహ్నం.

చిన్న పడవేసుకుని ఆశీర్వాదం అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున రేకుల షెడ్డులో కోడిపిల్లలకి నూకలు చల్లుతున్నాడు. నన్ను చూసి చల్లడం ఆపలేదు.

“చదివావా అన్నయ్యా?”

“ఊరంతా చదివింది. నాకు మటుకు కళ్ళు లేవా?”

“కోపం వచ్చిందా?”

“వచ్చింది. నీకు గ్లవ్స్ ఇచ్చినప్పుడు ఆ కుట్టు గురించి చెప్పానే, అది గుర్తొచ్చి ఇంకా వచ్చింది.” పిల్లల్ని కాలితో మెల్లిగా పక్కకి జరిపాడు. “ఆరేళ్ళు నా వెనకాల బెంచీ మీద కూర్చున్నావు. నేనెప్పుడూ ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. నాకు జ్వరమొచ్చినా ఆడాను. నీకివ్వాలని నాకెప్పుడూ తోచలేదు. అది తలుచుకుంటే కొంచెం తగ్గింది. పూర్తిగా కాదులే.”

“సంఘం నన్ను నిర్దోషి అంది. సందర్భం ఇచ్చారు.”

“వాళ్ళిచ్చేదేటి?” అన్నాడు అన్నయ్య. మొదటిసారి గొంతు పెరిగింది. “నువ్వు విరగమన్నది ఛైర్మన్ గారి వేలా? నా వేలు. క్షమించినా, క్షమించకపోయినా నేనే కదా చెయ్యాలి. నన్నెవరైనా అడిగారా?”

“నేను అడుగుతున్నాను” అన్నాను.

మిగిలిన నూకలు చల్లాడు. తర్వాత చెయ్యి దులుపుకుని, “సరే పో. నీ మీద నాకేం లేదు. ఆ కోడి మొక్కు మాత్రం నా ఫారంలో కోడితో తీర్చకు” అన్నాడు.

ఏడుపొచ్చింది. కోళ్ళ ముందు ఏడిస్తే బాగోదని పడవలోకి వచ్చాక ఏడ్చాను.

నమోదు 228
పోటు. గాలి నైరుతి. నాగుల్లంకతో ఆఖరి మ్యాచ్. వాళ్ళ టగ్ పడవలు పొద్దున్నే వచ్చి గొలుసులు సిద్ధం చేసుకుని కూర్చున్నాయి.

స్టాండ్లు నిండాయి. నిషేధం పడ్డ వాళ్ళందరూ పడవల్లో మైదానం చుట్టూ చేరారు. నేను పెనాల్టీ గుర్తు మీదికి వెళ్ళాను. మైకు ఇచ్చారు. కాగితం తీశాను. తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, కానీ చదవగలను.

చదవలేదు.

“నేను రాసింది రాసినట్టే అర్థం” అన్నాను. “ఆశీర్వాదం అన్నయ్య వేలు విరగాలనే కోరుకున్నాను. ఆయన్ని అడిగాను, ఆయన వదిలేశాడు. అది మా ఇద్దరి సంగతి. కానీ చారు గురించి రాసుకున్న బంగార్రాజు మంచు మోస్తున్నాడు. నేను ఇక్కడ గ్లవ్స్ వేసుకుని నిలబడ్డాను. మజ్జిగ అడగడం కంటే వేలు విరగాలనుకోవడం చిన్న తప్పా? నాకిచ్చిన సందర్భం బంగార్రాజుకీ ఇవ్వండి. లేకపోతే నన్నూ పడవెక్కించండి.”

ఛైర్మన్ గారు కుంటుకుంటూనే పరుగులాంటి నడకతో వచ్చి మైకు మూసేశారు. “అమ్మా, నువ్వు పోతే ఆరుగురే. మైదానం పోతుంది!”

“అయితే ఇవ్వండి.”

ఆయన నిగమానంద వైపు చూశారు. నిగమానంద పెట్టె బోర్లించి చూపించాడు. “సందర్భం నిల్వ లేదు.”

అప్పుడు స్టాండ్లో మొదటి వరసలోంచి చిలకమ్మ గారు లేచారు. “మీ సందర్భం ఎవరిక్కావాలండీ? చారు నాది. ఒరే బంగార్రాజూ!”

పడవలో బంగార్రాజు లేచి నిలబడ్డాడు. “అండి?”

“ఏటయ్యింది నా చారుకి?”

వాడు అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా సముద్రమే. “ఇంగువ ఎక్కువండి” అన్నాడు.

“ఆ మాట నాతో అనుంటే తగ్గించేదాన్ని కదరా! దిగు. దిగి ఆడు. రాత్రికొచ్చి తాగి చెప్పు.”

బంగార్రాజు పడవలోంచి నేరుగా మైదానంలోకి దూకాడు. రిఫరీ నిబంధనలు తిరగేసి, నిషేధాలన్నీ క్లబ్బు వేసినవే కాబట్టి తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఇక వరసగా మొదలైంది. ఎవరిని అన్నారో వాళ్ళు లేవడం, అన్నవాళ్ళు ఎదురుగా నిలబడటం. మైదానాన్ని వాలిన మంచం అన్నవాణ్ణి ఎవరు క్షమించాలో తేలక, ఓడ అధికారిని కాబట్టి నేనే క్షమించాను. దేముడి వంతు వచ్చేసరికి అందరూ ఛైర్మన్ గారి వైపు తిరిగారు. ఆ పచ్చముఖం నవ్వింది ఆయన కాలు చూసే.

వీరభద్రం గారు కర్ర మీద ఆనుకుని, విరిగిన కాలు వైపు చూసుకున్నారు.

“దండ వేస్తున్నవాణ్ణి పట్టుకుని పడ్డాను” అన్నారు. “ఇద్దరం పడ్డాం. మైకు కూడా పడింది. నవ్వొచ్చేలాగే పడ్డాన్లే. పోరా.”

ఆ ఒక్క క్షణం నాకు ఆయనంటే ఇష్టం కలిగింది.

స్టాండ్ మధ్యలోంచి పీతలమ్మే పైడమ్మ లేచింది. “మరి మా సంగతో? మమ్మల్ని అన్నాయన ఎదురుగానే ఉన్నాడు.”

గొడుగు కింద తేజోమూర్తి జుట్టు సర్దుకున్నాడు. “నాకు ఆల్రెడీ సందర్భం ఇచ్చారు” అన్నాడు.

“అది వాళ్ళిచ్చింది బాబూ. మేవడగతన్నాం. తప్పయ్యిందని ఒక్క మాట అనేసి ఆడేసుకో. నువ్వు కొట్టిన గోల్స్‌కి మేమెంత గంతులేశామో నీకే తెలుసు.”

ఆయన జనం వైపు చూశాడు. అనేస్తాడనే అనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా. కానీ వచ్చిన మాట వేరు. “నేను లేకపోతే మీరు ఓడిపోతారు.”

అది నిజం. అందరికీ తెలుసు.

“ఓడిపోతాంలే” అంది పైడమ్మ, కూర్చుంటూ.

తేజోమూర్తి గొడుగుతో సహా పడవెక్కాడు.

అందరూ వచ్చేశారు కాబట్టి ఆశీర్వాదం అన్నయ్య కూడా వచ్చాడు. ఆయనే మొదటి కీపర్. గ్లవ్స్ విప్పి ఇచ్చాను. తీసుకునే ముందు ఆయన నా మొహం చూశాడు. నేను బెంచీ మీద కూర్చుని, పుస్తకం తెరిచి, ఇదిగో రాస్తున్నాను.

రెండు-ఒకటి. ఓడిపోయాం. మన ఒక్కటీ బంగార్రాజు పడవలోంచి కొట్టిన కార్నర్ కిక్కుకి దేముడు తలతో పెట్టింది. వాళ్ళ రెండోది ఆఖరి నిమిషాల్లో వచ్చింది. అన్నయ్య దూకాడు కానీ అందలేదు. ఎవరికీ అందేది కాదు.

నమోదు 229
పోటు. గాలి నైరుతి. వేగం నెమ్మది. టగ్ పడవలు రెండు. గమ్యం నాగుల్లంక.

ఓడ అధికారిని కాబట్టి మైదానాన్ని అప్పగించేదాకా నేను దిగడానికి వీల్లేదు. ఉదయం గొలుసులు బిగించారు. రేవు నుంచి విడిపోతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. కొందరు నా వైపు చెయ్యి ఊపారు. కొందరు మొహం తిప్పుకున్నారు. మా అక్క తిప్పుకున్న వాళ్ళలో ఉంది. తప్పు పట్టను. చీకటి పడితే వాళ్ళకి దీపం ఉండదు. ఎల్లుండి నుంచి రేవు దగ్గర లాంతర్లు కడతారట.

టగ్ పడవ మనిషి చెప్పాడు: నాగుల్లంక వాళ్ళు తేజోమూర్తిని నిన్న సాయంత్రమే కొన్నారట. ఇదే మైదానంలో ఆడతాడు. దండలు సిద్ధంగా ఉన్నాయట.

బోర్డు ఇంకా వెలుగుతూనే ఉంది. ఎవరిదో ఏదో వస్తోంది, పదిహేనో పదహారో. నేను చదవలేదు.

రేవు దాటాక వెనక మోటారు చప్పుడు వినపడింది. మావాళ్ళే. రెండు పడవల నిండా. బంగార్రాజు ముందు నిలబడి అరుస్తున్నాడు: “నాగుల్లంక సరిహద్దు దాకా మైదానం మనదే కదా?”

“అప్పగింత సంతకం పెట్టేదాకా” అన్నాను.

అందరూ ఎక్కేశారు. బంతి తెచ్చారు. రిఫరీ లేడు, ప్రేక్షకులు లేరు, ఒక మూల అసలే లేదు. మైదానం కదులుతుంటే గడ్డి కాళ్ళ కింద ఊగుతోంది. రెండు జట్లుగా విడిపోయారు. ఆశీర్వాదం అన్నయ్య గోలు దగ్గరికి నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చాడు. గ్లవ్స్ విప్పాడు.

“నాకు కోళ్ళున్నాయి. నువ్వెళ్ళు” అన్నాడు.

“జాలా?”

“జాలేటి? చేతులు నెప్పి. నిన్న ఎంత దూకానో చూళ్ళేదా?”

వెళ్ళి నిలబడ్డాను. టగ్ పడవల వాళ్ళు వేగం తగ్గించి పైనుంచి చూస్తున్నారు. బంగార్రాజు మొదటి బంతి నా కాళ్ళ మధ్యనుంచి కొట్టాడు. రెండోది అల ఊపుకి పక్కకి పోతుందనుకున్నాను, లోపలికే వచ్చింది. మూడోది దేముడిది. నాలుగోదానికి గాల్లోకి లేచాను, వేళ్ళు తగిలాయి, అయినా వలలో పడింది.

“ఏటి రత్నం, అన్నీ వదిలేత్తన్నావు!” అని అరిచాడు బంగార్రాజు.

“కొట్టరా ఇంకోటి” అన్నాను.